రెజిన్ ప్రాప్ కిట్: పెట్టె తెరిచింది మొదలు చివరి కోటు దాకా

సినిమాలో చూసిన పిస్టల్‌నో, హెల్మెట్‌నో రెజిన్ కిట్‌గా, అంటే ద్రవ ప్లాస్టిక్‌ను మోల్డ్‌లో పోతపోసిన విడి ముక్కలుగా, తెప్పించుకున్నవాళ్లు చాలామంది మొదట రంగు డబ్బాల కోసం వెతుకుతారు. రంగు పొర మందం మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. కింద గీత ఉన్నా, గుంట ఉన్నా అది దాచదు. పైగా లోహపు రంగైతే లోపాన్ని ఎత్తి చూపిస్తుంది. అందుకే ఈ పనిలో ముప్పాతిక భాగం రంగు మూత తీయకముందే అయిపోవాలి. ఇక్కడ ఉదాహరణకు ఒక సైన్స్ ఫిక్షన్ పిస్టల్ కిట్ తీసుకున్నాం: రెండు సగాలుగా వచ్చే బాడీ, గొట్టం, పైన టెలిస్కోప్, పిడికి రెండు పక్కల పలకలు, ట్రిగ్గర్, కొన్ని చిన్న అలంకారపు ముక్కలు. హెల్మెట్‌కైనా, కత్తి పిడికైనా పద్ధతి ఇదే.

పెట్టె తెరిచాక

భాగాలన్నీ బల్ల మీద పరిచి సూచనల కాగితంతో సరిచూసుకోండి. గాలి ఇరుక్కుని రెజిన్ నిండని మూలలు, వంకరపోయిన పొడుగు ముక్కలు, మోల్డ్ రెండు సగాలు పక్కకు జరగడం వల్ల ఏర్పడిన మెట్టు, ముట్టుకుంటే జిగటగా తగిలే మచ్చలు ఉన్నాయేమో చూడాలి. అన్నిటికన్నా ప్రమాదమైనవి ఈ జిగట మచ్చలే. పోత పోసేటప్పుడు రెజిన్ రెండు ద్రవాలు సరిగా కలవకపోతే ఆ చోటు ఎన్నాళ్లు ఉంచినా గట్టిపడదు, దాని మీద వేసిన ప్రైమరూ (రంగుకు ముందు వేసే అడుగు పూత) ఆరదు. మచ్చ చిన్నదైతే గట్టి రెజిన్ తగిలేదాకా గీకేసి ఎపాక్సీ పుట్టీతో నింపవచ్చు. పెద్దదైతే ఫొటో తీసి, ఆ ముక్క మార్చి ఇవ్వమని అమ్మినవాళ్లను అడగండి. ముక్కకు రంపం తగలకముందే అడగాలి.

తర్వాత జిగురు లేకుండా మాస్కింగ్ టేప్‌తో మొత్తం కూర్చి చూడండి. ఏది ముందు అతికించాలో, ఏది విడిగా రంగు వేసి చివర్లో బిగించాలో ఇక్కడే తేలుతుంది. పిడి పలకలు, టెలిస్కోప్, ట్రిగ్గర్ దాదాపు ఎప్పుడూ విడిగానే ఉంచాలి. లోపల లైటు పెట్టాలనుకుంటే వైరు దారి, బ్యాటరీ మార్చుకునే మూత కూడా ఈ దశలోనే నిర్ణయించుకోవాలి. అతికించేశాక బాడీని మళ్లీ చీల్చడం అయ్యే పని కాదు.

గట్టిపడిన రెజిన్‌ని ముట్టుకుంటే ఏమీ కాదు. దాని పొడి మాత్రం ఊపిరితిత్తులకు చేటు. అందుకే వీలైనంతవరకు తడిపే రుద్దండి, పొడిగా రుద్దక తప్పనప్పుడు ఎన్95 లేదా అంతకన్నా మెరుగైన మాస్క్ పెట్టుకోండి. స్ప్రే రంగులకు ఆ మాస్క్ చాలదు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి, గాలి ధారాళంగా ఆడే చోటు కావాలి.

కడగడం

మోల్డ్‌లోంచి ముక్క తేలిగ్గా ఊడిరావడానికి రిలీజ్ ఏజెంట్ వాడతారు. ఎక్కువగా అది సిలికాన్ జిడ్డు. దాని మీద రంగు పట్టదు. వేసినప్పుడు బాగానే కనిపించి, మాస్కింగ్ టేప్ పీకగానే ప్రైమర్‌తో సహా పొరలు పొరలుగా లేచిపోతుంది. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ కొన్ని చుక్కలు వేసి, మెత్తటి టూత్ బ్రష్‌తో ప్రతి గాడిలోనూ తోమండి. కడిగాక ముక్కను కుళాయి కింద పట్టి చూడండి. నీళ్లు పలచటి పొరలా పరుచుకుంటే జిడ్డు పోయినట్టు. చుక్కలు చుక్కలుగా విడిపోతుంటే ఇంకా ఉన్నట్టు, మళ్లీ తోమాలి. రాత్రంతా ఆరనిచ్చి, రంగు దశకు ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఇంకోసారి తుడవండి. అసిటోన్ జోలికి పోవద్దు, సన్నటి వివరాలు మెత్తబడి చెడిపోతాయి.

వంకరపోయిన ముక్కల్ని ఇప్పుడే సరిచేయాలి. 70–80 డిగ్రీల వేడినీళ్లలో ఒకటి రెండు నిమిషాలు ఉంచితే పలచటి ముక్కలు వంగేంత మెత్తబడతాయి. చేతికి గ్లవ్స్ వేసుకుని, చదునైన గాజు పలక మీద సరిచేసి, అలాగే పట్టుకుని చన్నీళ్లలో ముంచండి. మర్నాడు మళ్లీ చూడండి, ఎందుకంటే రెజిన్ నెమ్మదిగా పాత వంకరకే తిరిగి వెళ్లాలని చూస్తుంది. పొడుగు గొట్టమైతే నిలువునా రంధ్రం చేసి స్టీలు కడ్డీ దూర్చి ఎపాక్సీతో బిగించడమే శాశ్వత పరిష్కారం. అప్పుడు బరువూ వస్తుంది.

అతుకు గీతలు, సూదిమొన రంధ్రాలు

రెజిన్ పోసిన చోట మిగిలిపోయిన కాడల్ని సన్నపళ్ల రంపంతో కోయండి. కటింగ్ ప్లయర్‌తో తుంచితే రెజిన్ లోపలికి పెచ్చు లేచిపోతుంది. ఉపరితలానికి ఒక మిల్లీమీటరు ఎడంగా కోసి, మిగిలింది ఆకురాయితో అరగదీయండి.

మోల్డ్ రెండు సగాలు కలిసిన చోట ముక్క మీద పడే అతుకు గీతను ముందు కత్తి వీపుతో గీకి, తర్వాత గట్టి దిమ్మకు చుట్టిన 220 నంబరు శాండ్ పేపర్‌తో రుద్దాలి. వేలితో రుద్దితే గీత పక్కన గుంట పడుతుంది, అది మెరిసే రంగు కింద అలలా కనిపిస్తుంది. గుండ్రటి గొట్టాలకు దిమ్మ పనికిరాదు. పేపర్‌ని రెండు సెంటీమీటర్ల వెడల్పు పట్టీగా కోసి, గొట్టం చుట్టూ వేసి రెండు చివర్లూ పట్టుకుని, బూటు పాలిష్ చేసినట్టు అటూ ఇటూ లాగండి. మోల్డ్ జరిగి మెట్టు పడిన చోట మాత్రం ఎత్తుగా ఉన్న వైపును అరగదీసి సరిచేయాలని చూడొద్దు, గొట్టం గుండ్రతనం పోయి కోలగా అవుతుంది. తక్కువగా ఉన్న వైపు లప్పం పెట్టి పైకి తేవాలి.

ఇక సూదిమొన రంధ్రాలు. ఉపరితలం కింద చిక్కుకున్న గాలిబుడగలు రుద్దినకొద్దీ బయటపడుతుంటాయి. పైన సూదిమొనంత కనిపించే రంధ్రం కింద మిరియపు గింజంత గుహ ఉండొచ్చు. దాని మీద లప్పం రాస్తే నోరు మాత్రమే మూసుకుంటుంది. రుద్దగానే మళ్లీ తెరుచుకుంటుంది, లేదా ప్రైమర్ వేశాక లోపలి గాలి పైకొచ్చి చిల్లు పడుతుంది. కాబట్టి ముందు కత్తి మొనతోనో, ఒక మిల్లీమీటరు డ్రిల్ బిట్‌ని చేత్తో తిప్పుతూనో నోరు వెడల్పు చేసి, అప్పుడు నింపాలి.

నింపడానికి ఏది వాడాలన్నది లోతును బట్టి ఉంటుంది. చిన్న రంధ్రాలకు సూపర్ గ్లూలో టాల్కమ్ పౌడర్ కలిపిన ముద్ద బాగా పనిచేస్తుంది. అయితే దాన్ని గట్టిపడిన గంటలోపే రుద్దేయాలి. మర్నాటికి అది చుట్టూ ఉన్న రెజిన్ కన్నా గట్టిదైపోతుంది. అప్పుడు రుద్దితే మెత్తటి రెజిన్ అరిగిపోయి, జిగురు బొడిపెలా నిలబడుతుంది. ట్యూబులో దొరికే, ఏమీ కలపనక్కర్లేని లప్పం గీతలకూ గరుకు మచ్చలకూ మాత్రమే. అందులోని ద్రావకం ఆవిరయ్యేకొద్దీ అది కుంచించుకుపోతుంది, అందువల్ల మిల్లీమీటరు మించిన లోతుకు పెట్టొద్దు. పెద్ద సందులకు కార్ల డెంట్లకు వాడే రెండు భాగాల పాలియెస్టర్ లప్పం సరైనది. హార్డెనర్ (గట్టిపడేలా చేసే రెండో భాగం) లప్పం బరువులో 2 శాతం చాలు. ఎక్కువ కలిపితే తొందరగా బిగుస్తుంది కానీ పెళుసవుతుంది, కలపడంలోనే సగం వృథా అవుతుంది. కలిపాక మూడు నుంచి ఐదు నిమిషాలే చేతిలో ఉంటుంది కాబట్టి బఠాణీ గింజంత చొప్పున కలుపుకోండి. విరిగిన మూలను, పోయిన అంచును మళ్లీ మలచాలంటే మిల్లిపుట్ లాంటి ఎపాక్సీ పుట్టీ. రెండు కడ్డీలనూ సమానంగా పిసికి, తడి వేలితో నున్నగా చేసి రాత్రంతా వదిలేయాలి.

అతికించడం

ప్లాస్టిక్ మోడళ్లకు వాడే సిమెంట్ రెజిన్‌కి పనికిరాదు. అది పాలీస్టైరీన్‌ని కరిగించి కలుపుతుంది, ఇలాంటి కిట్ల రెజిన్ అయిన పాలీయురేథేన్‌ని కరిగించలేదు. చిన్న ముక్కలకు సూపర్ గ్లూ, బరువు మోసే అతుకులకు ఎపాక్సీ. సూపర్ గ్లూ లాగుడుకు గట్టిగా నిలుస్తుంది గానీ కింద పడ్డ దెబ్బకు పుటుక్కున ఊడుతుంది. అందుకే గొట్టం బాడీలో కలిసే చోట రెండిటిలోకీ దిగే లోహపు చీల తప్పనిసరి.

చీలకు 2 మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీ చాలు. ఒక ముక్కలో 8–10 మిల్లీమీటర్ల లోతు రంధ్రం చేసి, అందులో కడ్డీ పెట్టి, బయటికి కొంచెమే కనిపించే దాని కొసకు చుక్క రంగు అంటించి, రెండో ముక్కను దాని స్థానంలో నొక్కండి. రంగు అంటిన చోటే రెండో రంధ్రం. ఆ రెండో రంధ్రాన్ని కాస్త వదులుగా, 2.5 మిల్లీమీటర్ల బిట్‌తో చేయండి. అప్పుడు ఎపాక్సీ గట్టిపడేలోపు గొట్టాన్ని సూటిగా జరుపుకునే వీలుంటుంది. అతుకు ముఖాల్ని 120 నంబరుతో గరుకు చేసి, జిగురును అంచుకు రెండు మూడు మిల్లీమీటర్లు లోపలే రాయండి. నొక్కినప్పుడు అదే అంచుదాకా పాకుతుంది, బయటికి కారదు.

ఐదు నిమిషాల ఎపాక్సీ కన్నా 24 గంటల ఎపాక్సీ గట్టిది. బాడీ సగాలకు అదే వాడి, రబ్బరు బ్యాండ్లతో బిగించి మర్నాటిదాకా కదపకండి. పిడికి బరువు కావాలంటే ఇనుప గుండ్లు ఎపాక్సీతో కలిపి లోపల పోయవచ్చు. కాకపోతే ఒకేసారి పిడి నిండా పోయకండి. ఎక్కువ ఎపాక్సీ ఒకచోట గట్టిపడేటప్పుడు బాగా వేడెక్కి, చుట్టూ ఉన్న రెజిన్‌ని మెత్తబరిచి ఉబ్బిస్తుంది. ఒక సెంటీమీటరు పోసి, చల్లారాక మళ్లీ పోయాలి. మూతకు అయస్కాంతాలు పెడుతున్నట్టయితే జిగురు రాయకముందే ఏ ముఖం ఏ ముఖాన్ని లాగుతుందో మార్కర్‌తో గుర్తు పెట్టుకోండి.

రెజిన్‌లోనే పోతపోసిన స్క్రూ తలలు కిట్‌లో ఉంటే వాటిని కోసేసి, అదే కొలత అసలు స్క్రూలు పెట్టండి. ఎంత మంచి రంగైనా నిజమైన ఉక్కులా మెరవదు. పిస్టల్ మీద నాలుగు చోట్ల నిజం లోహం కనిపిస్తే మిగతా అంతా లోహమేనని కన్ను నమ్మేస్తుంది.

ప్రైమర్ అసలు పరీక్ష

బూడిదరంగు ఫిల్లర్ ప్రైమర్ డబ్బాను బాగా కుదిపి, 20–25 సెంటీమీటర్ల దూరం నుంచి, ముక్కకు అవతల మొదలుపెట్టి అవతల ఆపుతూ పలచగా కొట్టండి. కోటుకూ కోటుకూ మధ్య 10–15 నిమిషాలు, మొత్తం రెండు మూడు కోట్లు. ఆరిందో లేదో తెలుసుకోవడానికి ముక్కు దగ్గర పెట్టుకోండి. వాసన వస్తోందంటే ద్రావకం ఇంకా బయటికి పోతోంది, రుద్దితే పేపర్‌కి ఉండలు కడుతుంది.

ఇప్పుడు నల్ల రంగును ఎత్తునుంచి చాలా పలచగా, మంచు పడినట్టు చిమ్మండి. దీన్ని గైడ్ కోట్ అంటారు. అది ఆరాక దిమ్మకు చుట్టిన 400 నంబరు వాటర్ పేపర్‌తో తడిపి రుద్దితే, ఎత్తుగా ఉన్న చోట నలుపు ముందు పోతుంది, గుంటల్లో నలుపు మిగిలిపోతుంది. మిగిలిన ప్రతి నల్లచుక్క ఒక లోపం. నింపండి, ప్రైమర్ కొట్టండి, మళ్లీ నలుపు చిమ్మి రుద్దండి. ఇది విసుగు పుట్టించే దశే, కానీ కిట్ కిట్‌లా కనిపిస్తుందా, లోహపు వస్తువులా కనిపిస్తుందా అన్నది ఇక్కడే తేలిపోతుంది. రుద్దేటప్పుడు అంచుల దగ్గర పేపర్ బిగించి పట్టుకోకండి. యంత్రం మీద చేసిన లోహానికి అంచులు పదునుగా ఉంటాయి, గుండ్రబడిన అంచు చూడగానే ప్లాస్టిక్ అని చెప్పేస్తుంది.

మామూలు మ్యాట్ రంగులకు 400–600 నంబరుతో ఆగవచ్చు. మెరిసే లోహపు రంగులకు 1000, 1500 దాకా వెళ్లాలి.

రంగు: అసలు వస్తువు దేనితో చేశారో చూడండి

రంగు ఎంచుకునే ముందు సినిమాలో వాడిన అసలు ప్రాప్ దేన్నుంచి పుట్టిందో తెలుసుకోండి. 1977లో వచ్చిన స్టార్ వార్స్‌లో హాన్ సోలో పాత్ర వాడే బ్లాస్టర్ తుపాకీని మౌజర్ సీ96 అనే నిజం పిస్టల్‌కి టెలిస్కోప్, గొట్టం చివర తొడుగు తగిలించి తయారుచేశారు. అదే సినిమాలో ల్యూక్ పాత్ర పట్టే లైట్‌సేబర్ (వెలుగు కత్తి) పిడి పాత గ్రాఫ్లెక్స్ కెమెరా ఫ్లాష్ హ్యాండిల్. అంటే మొదటిదానికి నీలం చాయ నలుపు ఉక్కు, కర్ర పిడి కావాలి. రెండోదానికి మెరిసే లోహపు గొట్టం కావాలి. రెండిటికీ ఒకే 'సిల్వర్ స్ప్రే' కొడితే రెండూ బొమ్మల్లా తయారవుతాయి.

నల్ల ఉక్కుకు ముందు నిగనిగలాడే నలుపు వేసి, పూర్తిగా ఆరాక, దాని మీద ముదురు గన్‌మెటల్ (తుపాకీ లోహపు బూడిదరంగు) ఎయిర్‌బ్రష్‌తో, అంటే గాలి ఒత్తిడితో రంగు చిమ్మే చిన్న పరికరంతో, పలచగా, కింది నలుపు అక్కడక్కడ తొంగిచూసేలా కొట్టండి. పైన సెమీ గ్లాస్ (సగం మెరుపు) క్లియర్, అంటే రంగులేని రక్షణ పూత, వేసి ఆరనివ్వండి. తర్వాత పెన్సిల్ గ్రాఫైట్ పొడిని వేలికొసకు అద్దుకుని అంచుల మీద, ట్రిగ్గర్ చుట్టూ రుద్దితే అరిగిన ఉక్కు చాయ వచ్చేస్తుంది. ఇంతకన్నా చవకైన, నమ్మకమైన పద్ధతి మరొకటి లేదు. పైన మళ్లీ క్లియర్ కొడితే ఆ మెరుపు చచ్చిపోతుంది కాబట్టి గ్రాఫైట్‌ని చివరి పనిగా ఉంచుకోండి. ఇంకాస్త వెండి మెరుపు కావాలనుకుంటే రబ్ ఎన్ బఫ్ లాంటి మైనపు లోహపు పేస్ట్‌ని చిటికెడు తీసుకుని, ముందు కాగితం మీద తుడిచేసి, వేలికి మిగిలిన మరకతో మాత్రమే అంచులు తాకించండి.

క్రోమ్ మెరుపుకు ఆల్‌క్లాడ్ లాంటి ల్యాకర్లు (ఘాటు ద్రావకంతో త్వరగా ఆరే రంగులు) అద్దంలాంటి నలుపు మీదే పనిచేస్తాయి. నలుపును కనీసం ఒకటి రెండు రోజులు గట్టిపడనిచ్చి, ఎయిర్‌బ్రష్ ఒత్తిడి 12–15 పీఎస్ఐకి (గాలి ఒత్తిడి కొలత) తగ్గించి, పొగ వదిలినట్టు పలచగా కొట్టండి. నలుపు కాస్త కనిపిస్తుండగానే ఆపేయాలి. ఇంకొంచెం మెరుస్తుందని ఇంకో కోటు వేస్తే మెరుపు పోయి మామూలు బూడిదరంగు మిగులుతుంది. ఆరాక వేళ్లతో పట్టుకోకండి.

లోహం మీద రంగు వేసి, అది పెచ్చులూడినట్టు కనిపించాలంటే పొరల్ని నిజంగా అలాగే కట్టాలి. ముందు వెండిరంగు, దాని మీద ల్యాకర్ క్లియర్. అది బాగా ఆరాక జుట్టుకు కొట్టే హెయిర్ స్ప్రే రెండు పలచటి కోట్లు, దాని మీద నీటిలో కలిసే అక్రిలిక్ పై రంగు. పై రంగు చేతికి అంటని దశకు రాగానే, అరగంట నుంచి ఒకటి రెండు గంటల్లో, ఎక్కడ పెచ్చులు కావాలో అక్కడ గోరువెచ్చని నీళ్లతో తడిపి నిమిషం ఆగి, పొట్టి గట్టి బ్రష్‌తో పొడవండి. నీళ్లు కింది హెయిర్ స్ప్రేను కరిగించి రంగును చిన్న చిన్న పెచ్చులుగా లేపుతాయి. మర్నాటిదాకా వదిలేస్తే రంగు బిగుసుకుపోయి సరిగా లేవదు. ఎనామిల్, ల్యాకర్ పై రంగులతో ఇది జరగదు, నీళ్లు వాటిలోంచి దిగవు.

ఎక్కడ పెచ్చులూడాలి? చెయ్యి పట్టే చోట, ఒరలోంచి తీసేటప్పుడు రాసుకునే గొట్టం కొస, బల్ల మీద పెట్టినప్పుడు ఆనే పక్కలు. లోతుగా ఉన్న గాడుల్లో రంగు అరగదు, అక్కడ మసి పేరుకుంటుంది. అన్ని అంచులనూ సమానంగా అరగదీస్తే అది వాడిన వస్తువులా కాక, ఎవరో కూర్చుని అరగదీసినట్టే ఉంటుంది.

కర్ర పిడికి లేత గోధుమరంగు అక్రిలిక్ అడుగున వేసి, ఆరాక బర్న్‌ట్ అంబర్ (ముదురు గోధుమ) ఆయిల్ రంగును పూసి, గట్టి వెంట్రుకల పొడి బ్రష్‌తో ఒకే దిక్కుకు లాగండి. బ్రష్ గీతలే కర్ర చారలవుతాయి. ఆయిల్ రంగు ఆరడానికి చాలా రోజులు పడుతుంది, తొందరపడి క్లియర్ కొట్టొద్దు.

మురికి చేయడానికి నలుపు, గోధుమరంగు కలిపిన ఆయిల్ రంగును వాసన తక్కువుండే ఎనామిల్ థిన్నర్‌లో పలచన చేసి గాడుల్లో పోయండి. పది నిమిషాలాగి, థిన్నర్‌తో తడిపిన దూది పుల్లతో పైపైన తుడిస్తే గాడిలో మాత్రమే మిగులుతుంది. దీనికి ముందు కింద క్లియర్ కోటు ఉండి తీరాలి, లేకపోతే థిన్నర్ అడుగు రంగులోకి దిగి మరకలు పడతాయి.

చెడిపోతే ఎందుకు చెడిందో

రంగు గుండ్రటి చుక్కలుగా విడిపోయి అడుగు కనిపిస్తే సిలికాన్ జిడ్డు మిగిలిందన్నమాట. తుడిచి మళ్లీ కొట్టి లాభం లేదు, ఆ చోటు రెజిన్ దాకా రుద్ది కడగాలి. రంగు ముడతలు పడితే ఎనామిల్ మీద ల్యాకర్ వేసి ఉంటారు. ల్యాకర్‌లోని ఘాటు ద్రావకం కింది పొరను మెత్తబరిచి లేపుతుంది. ల్యాకర్ కింద, ఎనామిల్ పైన ఉండేలా వరస పాటించండి. ఉపరితలం నారింజ తొక్కలా గుంటలు గుంటలుగా ఉంటే దూరం ఎక్కువైందో, రంగు చిక్కగా ఉందో చూడండి. కారిపోతే దగ్గర నుంచి కొట్టి ఉంటారు. కారిన దాన్ని తడిగా ఉన్నప్పుడు ముట్టుకోకుండా, పూర్తిగా గట్టిపడ్డాక 600 నంబరు దిమ్మతో సమం చేసి మళ్లీ వేయాలి. క్లియర్ పాలలా తెల్లబడితే గాలిలో తేమ ఎక్కువ. వానపడే రోజున స్ప్రే పని పెట్టుకోవద్దు.

చివరి క్లియర్ ఒక్కో పదార్థానికి ఒక్కోటి ఉండాలి: ఉక్కుకు సెమీ గ్లాస్, రబ్బరుకూ మసికీ మ్యాట్, కర్రకు శాటిన్. అన్నిటి మీదా ఒకే క్లియర్ కొడితే అంత కష్టపడి తెచ్చిన తేడా ఒక్క పొరతో చెరిగిపోతుంది. స్టిక్కర్లుంటే వాటికింద గ్లాస్ క్లియర్ వేసి నున్నగా చేశాకే అంటించండి. గరుకు మీద అంటిస్తే కింద గాలి చిక్కి వెండి మరకలా తేలుతుంది. కార్లకు వాడే రెండు భాగాల క్లియర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. విడిగా గాలి అందించే మాస్క్, స్ప్రే బూత్ లేనివాళ్లు దాన్ని వాడనే కూడదు.

పూర్తయిన ప్రాప్‌ను స్టాండ్ మీద కనీసం రెండు చోట్ల ఆనేలా పెట్టండి. గొట్టం ఒక్క కొస మీదే బరువు పడితే వేసవి వేడికి నెమ్మదిగా వంగుతుంది. ఎండలో నిలిపిన కారులో అసలు వదిలేయకండి. అది తుపాకీ నమూనా అయితే బయటికి తీసుకెళ్లేటప్పుడు మూసిన పెట్టెలోనే తీసుకెళ్లండి, నమూనా ఆయుధాల గురించి మీరుండే చోట నిబంధనలు ఏమిటో ముందే చూసుకోండి.